ఆ గుమ్మంలో నిలబడిన మా చిన్నాయన

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే పుంగనూరు నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ సిన్నాయన లేడు పాపా. ఆవుకు గడ్డేసి వచ్చి, అరుగు మీద కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు" అంది. మంచం దిగవద్దని మదనపల్లె డాక్టరు గట్టిగా చెప్పి ఎన్నాళ్ళో కాలేదు. ఆ మాట ఆయన ఒక్క పూట కూడా విన్నది లేదు.

చిన్నాయన పదాతి దళంలో సిపాయి. శ్రీలంకలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు మన సైన్యంతో అక్కడికి వెళ్ళాడు. కుప్పం పక్కన పుట్టి పెరిగినవాడు కాబట్టి తమిళం బాగా వచ్చు. అందుకని ఏ జట్టు గస్తీకి బయల్దేరినా ఆయన్ని ముందు వరసలో పెట్టేవాళ్ళు.

ఆ రోజుల గురించి చెప్పమంటే ఎక్కువగా కాళ్ళ గురించి చెప్పేవాడు. "రోడ్డు మీద మందుపాతర, గట్టు మీద మందుపాతర. ఇంక మిగిలింది మడి. పొద్దంతా బురదలో నడిసి బూట్లిప్పితే, అరికాలి తోలు మేజోడుతో పాటే ఊడొచ్చేది." సంచిలో రొట్టెలు తడిసి మళ్ళీ పిండయ్యేవట. ఎదురొచ్చే మనిషి రైతో, తుపాకి దాచుకున్నవాడో తెలిసేది కాదట. నా చిన్నప్పుడు టమాటా తోటలోకి వెంట వెళితే "నా అడుగులోనే అడుగెయ్యి పాపా" అనేవాడు. నేను అదేదో ఆట అనుకునేదాన్ని.

ఒకరోజు ఆయన ముందు నడుస్తున్న సిపాయి మందుపాతర మీద కాలు పెట్టాడు. కోలారు వైపు మనిషి. చిన్నాయనా అతనూ ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. చనిపోయినతని ఊరివాడే ఇంకొక సిపాయి, దుఃఖం ఆపుకోలేక ఎండు తాటిమట్ట అంటించి దగ్గర్లో ఉన్న పూరింటి వైపు పరుగెత్తాడు. చిన్నాయన అతనికంటే ముందే చేరి లోపలికి చూశాడు. మంచం కింద ఒక ముసలామె, చంటిబిడ్డను అదుముకున్న తల్లి. "బయప్పడాదీంగమ్మా" అంటూ భయపడవద్దని తమిళంలో చెప్పి, వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డాడు.

"జరుగు" అన్నాడట అతను.

"జరగను. వాణ్ణి సంపింది ఈ బిడ్డ కాదు."

"నీ భాషోళ్ళని కాపాడతాండావా?"

"నాది తెలుగు. అది నీకూ తెలుసు. కాల్చేదయితే నన్నూ కలిపి కాల్చు."

మంట చేతిదాకా వచ్చేవరకూ అతను కదల్లేదట. తర్వాత మట్టను బురదలో పడేసి, అక్కడే కూలబడి ఏడ్చాడట. ఇల్లు నిలిచింది. కానీ చాలాకాలం జట్టులో కొందరు చిన్నాయన పక్కన కూర్చుని తినలేదు. ద్రోహి అన్నారు. "అననీలే అనుకున్నా" అనేవాడు. "సచ్చిపోయినోడి కోసం నేనూ ఏడ్సినా. ఏడుస్తానే నిలబడినా."

పుంగనూరులో ఒక బడిలో పంద్రాగస్టుకు పిలిచి, వీరగాథలు చెప్పమన్నారు. ఆయన ఈ సంగతే చెప్పాడు. వేదిక మీదున్న ఇంకొక మాజీ సైనికుడు నొచ్చుకున్నాడు. "ఇట్లాంటివి పిల్లోళ్ళకు యాల చెప్తావప్పా? శత్రువుల్ని ఎట్ల కొట్టినామో చెప్పు" అన్నాడు. చిన్నాయన మైకు వదలలేదు. "కొట్టింది కూడా ఉండాది. గొప్పగా చెప్పుకునేది నాకు ఇదొక్కటే ఉండాది" అన్నాడు. మరుసటి ఏడు పిలుపు రాలేదు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. జెండా ఎగిరాక గేటు బయట నిలబడి, అడిగిన పిల్లలందరికీ అదే చెప్పాడు. ఈ రోజు తలచుకుంటే, ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్నయినందుకు ధన్యురాలిననిపిస్తుంది.

పెద్దకర్మ రోజు బంధువుల్లో పెద్ద ఆడవాళ్ళు చిన్నమ్మ చుట్టూ చేరారు. ఒకామె బొట్టు తుడవడానికి చెయ్యి చాపింది. చిన్నమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"నా బొట్టు జోలికి రావద్దండి. పెట్టుకునేదీ తీసేదీ నా ఇష్టం."

"ఊరోళ్ళు యేమంటారే?"

"అననీ. పాల యాళయింది, జరగండి."

చిన్నమ్మ లేచి ఆవు పాలు పిండుకుని, పాలకేంద్రానికి బయల్దేరింది. షామియానా కింద కూర్చున్న మగవాళ్ళ నడుమ నుంచి, నుదుటిన రూపాయి బిళ్ళంత కుంకుమతో నడిచి వెళ్ళింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె గాజులు పాలక్యానుకు తగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.