కట్టెల లైను మీద సుత్తి దెబ్బలు

దయ్యాలున్నాయని వాదించిన వాళ్లను వేదిక ఎక్కించి నవ్వులపాలు చేసినవాణ్ణి నేను. యెమ్మిగనూరులో బడిపంతులుగా ఉన్న రోజుల్లో, పూనకం వచ్చిన వాళ్ల చేతికి నిమ్మకాయ బదులు ఉల్లిగడ్డ ఇచ్చి, దానికీ పూనకం దిగుతుందని మా హేతువాద సంఘం తరఫున ఊరూరా చూపించాను. తాయెత్తులు విప్పి, లోపలి పిచ్చిరాతలు నలుగురికీ చదివి వినిపించాను. ఇప్పుడు రాస్తున్నది చదివి నేను మారిపోయానని ఎవరైనా సంతోషిస్తే ఆ సంతోషం తొందరపాటే. నేను మారలేదు. ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతిలో ఒక మనిషి బతుకు పాడైంది కాబట్టి రాస్తున్నాను.

ఆదోని నుంచి తుగ్గలి వైపు పోయే దారిలో, గుట్టల దగ్గర ఒక చిన్న పట్టాల లైను ఉండేది. యుద్ధకాలంలో బొగ్గు దొరక్క పత్తి మిల్లుల బాయిలర్లకు కట్టెలు కావలసి వచ్చినప్పుడు ఒక షావుకారు వేయించాడు. గుట్ట మీద నరికిన దుంగలను ట్రాలీకి ఎత్తేవారు. ఇంజను లేదు. వాలు మీద ట్రాలీ తనంతట తానే దొర్లేది, ఒక మనిషి వెనక నిలబడి బ్రేకు కర్ర పట్టుకునేవాడు. ఖాళీ ట్రాలీని ఎద్దులు పైకి లాగేవి. జనం దాన్ని కట్టెల లైను అనేవారు.

పదేళ్లలో గుట్ట బోడిగుండు అయింది. మిల్లులకు కరెంటు వచ్చింది. పట్టాలు పీకి అమ్మేస్తారని అందరూ అనుకున్నారు. షావుకారు కొడుకు మద్రాసులో చదివి వచ్చినవాడు. నాన్న గుర్తుగా ఉంచుతానని, ట్రాలీలకు ఎర్ర రంగు పూయించి, బల్లలు బిగించి, గుట్ట మీద మంటపం కట్టించాడు. మంటపం గోడలకు పాత గొడ్డళ్లు, రంపాలు వేలాడదీసి, కింద వాటి పేర్లు రాయించాడు. నరికిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నను చూసి బస్సుల్లో తిరిగివచ్చే యాత్రికులు అక్కడ దిగి, గుట్టెక్కి, ట్రాలీ మీద కూర్చుని కిందికి జారేవారు. పిల్లలూ పెద్దలూ కేకలు పెట్టి నవ్వేవారు.

బ్రేకు కర్ర పట్టేవాడు సామేలు. తుగ్గలి పక్క పల్లెలో క్రైస్తవ కూలీ. లైను వేసిన నాటినుంచీ అదే పని. అతనికి కింద జోడు తిమ్మప్ప. మధ్యలో పెద్ద రాతిగుండు చుట్టూ లైను మలుపు తిరుగుతుంది కాబట్టి పైనుంచి కింద ఏముందో కనిపించదు. అందుకని వాళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎద్దుల ట్రాలీ ఏదీ ఎదురు రావడం లేదని చూసుకుని తిమ్మప్ప సుత్తితో పట్టా మీద మూడు దెబ్బలు కొడతాడు. పైన సామేలు పట్టాకు చెవి ఆనించి వింటాడు. మూడూ వినిపించాకే బ్రేకు వదులుతాడు. ఇందులో మాయ లేదు. చప్పుడు గాలిలో కంటే ఇనుములో బాగా పోతుందని నేను బడిలో చెప్పే పాఠమే. చదువురాని ఇద్దరు మనుషులు దాన్ని సొంతంగా కనిపెట్టుకున్నారు.

ఒక ఎండాకాలం తిమ్మప్ప జ్వరంతో చనిపోయాడు. అతని చోట ఇంకొకరిని పెట్టలేదు. షావుకారు మేనల్లుడు గుండు మీద కూర్చుని పచ్చగుడ్డ ఊపితే చాలన్నారు. సామేలు మాత్రం చెవి పెట్టడం మానలేదు. ఎందుకయ్యా అని యాత్రికులెవరో అడిగితే, "మా తిమ్మప్ప కొడ్తాండాడు, ఇనబడ్తాంది" అన్నాడు.

అంతే. నెల తిరక్కుండా పట్టాలకు పసుపు పడింది. కింద కొబ్బరికాయలు కొట్టడం మొదలైంది. షావుకారు కొడుకు మొదట చిరాకు పడ్డాడు, జనం రెట్టింపు అయ్యేసరికి ఊరుకున్నాడు. అటు సామేలు పల్లెలో పాస్టరు, చచ్చినవాడి మాట వింటున్నానన్నవాడికి చర్చిలో రొట్టె పంచే ప్రభువు బల్లలో చోటు లేదన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఒక ఆదివారం పోయి సామేలును పట్టుకున్నాను. యాభై దాటినవాడు, మెత్తని మనిషి. చెవికి పట్టా రాసుకుని రాసుకుని కాయ కాచి ఉంది.

"మీరు సదువుకున్నోళ్లు, మీరే సెప్పండి అయ్యవారూ. సెవిలో పడేదాన్ని పడల్యా అంటే అది అబద్దం గాదా?" అన్నాడు.

అతని పక్కనే నేనూ చెవి పెట్టాను. మూడుసార్లు చూశాను. నాకు ఏమీ వినపడలేదు. మూడుసార్లూ అతను తల ఊపి బ్రేకు వదిలాడు. ఏళ్ల తరబడి విన్న చప్పుడును నీ చెవి తనే పుట్టించుకుంటోందని వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అట్లే ఉండొచ్చు. కానీ అది వచ్చేదాకా నేను కర్ర ఇడ్సను" అన్నాడు.

నేను అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. బహిరంగ పరీక్ష అని కరపత్రం అచ్చువేయించి ఆదోనిలోనూ యెమ్మిగనూరులోనూ పంచాను. షావుకారు కొడుకు సరేనన్నాడు, ఎటు పోయినా అతనికి జనమే. సామేలు ఒకసారి నా దగ్గరికి నడిచి వచ్చి, "నన్ను నడిమద్య పెట్టొద్దండి. ఈ పని పోతే ఇంట్లో ముగ్గురు ఆడోళ్లకు కూడు లేదు" అన్నాడు. నీ పని పోదు, మూఢత్వం పోతుంది అని చెప్పి పంపాను. ఆ మాట అన్నప్పుడు నేను నవ్వాను కూడా.

పరీక్ష రోజు పట్టపగలు. నిర్మలమైన ఆకాశం. కింద, తిమ్మప్ప నిలబడే చోట, మా బడి డ్రాయింగు మాస్టరును పెట్టాను. పట్టా మీద ఎవరి చేయీ, ఏ సుత్తీ పడకుండా కన్ను ఆర్పకుండా చూడమన్నాను. పైన రెండు మూడు వందల మంది. అరగంట మాట్లాడాను. బాగా మాట్లాడానని అప్పుడు అనుకున్నాను.

ఒక ముసలామె మధ్యలో లేచి, "ఏమప్పా అయ్యవారూ, దయ్యం లేదు లేదంటాండావే, నువ్వే ఎక్కి కూసోరాదా బండి?" అంది. జనం గొల్లుమన్నారు. పరీక్షించేవాడు పక్కన నిలబడాలమ్మా అన్నాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు.

సామేలు మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. గుండు మీద పచ్చగుడ్డ ఊగింది. అతను లేచి, తల అడ్డంగా ఊపాడు.

"కొట్టల్యా" అన్నాడు.

నేను జనం వైపు తిరిగాను. కింద కాపలా పెడితే దయ్యం సెలవు పెట్టింది చూశారా అన్నాను. మళ్లీ నవ్వులు. ట్రాలీ ఎక్కి కూర్చున్నవాళ్లు మాత్రం ఒక్కొక్కరే దిగిపోయారు.

"ఈ పొద్దు వద్దు అయ్యవారూ, దండం పెడ్తా" అన్నాడు సామేలు.

షావుకారు కొడుకు ముందుకు వచ్చాడు. "ఏమప్పా సామేలూ, నువ్వు దింపుతావా, కర్ర ఇంకోని చేతికియ్యల్నా?"

సామేలు ఆయన్ను చూడలేదు. నన్ను చూశాడు. నేను, దించు, ఏమీ కాదు అన్నాను. అతను తువాలతో చెవి తుడుచుకుని, ఖాళీ ట్రాలీ ఎక్కి, కర్ర వదిలాడు.

ట్రాలీ కదలగానే నేను పట్టా పక్కన కూర్చుని చెవి పెట్టాను. వినాలని కాదు. ఇదిగో నేనూ వింటున్నాను, ఏమీ లేదు అని జనానికి చూపించాలని.

దెబ్బలు వినిపించాయి.

మూడు కాదు. లెక్కపెట్టలేనన్ని. ఇల్లు అంటుకుంటే బయటివాడు తలుపు బాదినట్టు, ఒకదాని మీద ఒకటి. తల ఎత్తితే గాలిలో ఏమీ లేదు. చెవి పెడితే దెబ్బలు. ప్రతి దెబ్బకూ పట్టా నా దవడ కింద అదిరింది. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇక్కడ దాచను. డ్రాయింగు మాస్టరు దయ్యముందనే వాళ్లతో కలిసి నన్ను మోసం చేస్తున్నాడు అనుకున్నాను. సామేలుకు కేక వేయాలని తోచలేదు. ట్రాలీ మలుపు దాటింది. తర్వాత ఇనుము ఇనుముకు కొట్టుకున్న మోత, ఎద్దు అరుపు.

నా చెవి ఇంకా పట్టా మీదే ఉంది. మోత తర్వాత కూడా దెబ్బలు కాసేపు సాగాయి. ఆ తర్వాత నెమ్మదించి ఆగిపోయాయి.

కిందికి పరుగెత్తాం. మంటపానికి నీళ్ల పీపాలు తెస్తున్న ఎద్దుల ట్రాలీకి సామేలు ట్రాలీ గుద్దుకుంది. ఒక ఎద్దు చచ్చింది. తోలేవాడు పక్కకు దూకి బతికాడు. సామేలు కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. మేనల్లుడు పైన జనం కేకలు విని, కింద చూడకుండానే గుడ్డ ఊపాడని తర్వాత తెలిసింది.

డ్రాయింగు మాస్టరు నాకు ఎదురొచ్చాడు. "ఎద్దులవాడు పోవచ్చునా సామీ అని నన్నే అడిగినాడు. పో అన్నాను. నన్ను పట్టా మీదే కన్ను పెట్టమంటివి గదా" అన్నాడు. పట్టాను ఎవరూ ముట్టలేదని బిడ్డల మీద ఒట్టు పెట్టాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. తిమ్మప్ప సుత్తి ఎక్కడని అడిగితే, అది పైన మంటపం గోడకు, నేను ఉపన్యసించిన చోటికి పది అడుగుల్లో, కింద చీటీ అంటించి వేలాడుతోందని చెప్పారు. పోయి చూశాను, ఉంది. దుమ్ము పట్టి ఉంది.

ఇంకొకటి. మలుపు దగ్గర, గుద్దుకున్న చోట, రెండు పట్టాలూ అతుకుల వద్ద ఊడి జానెడు పక్కకు జరిగి ఉన్నాయి. పైభాగానికీ కిందిభాగానికీ సంబంధం తెగింది. తెగిన తర్వాత కూడా నేను విన్నాను.

నేను దీన్ని వదిలిపెట్టలేదు. లైను బాగుచేశాక ఎన్నోసార్లు పోయి చెవి పెట్టాను. ఎద్దుల ట్రాలీ పైకి వస్తే గరగరమనే రాపిడి వినిపిస్తుంది, దెబ్బలు కావు. దిగే ట్రాలీ అతుకులు దాటితే జంటగా టకటకమంటుంది, అది వేరు. ఇనుముకు చెవి ఆనిస్తే సొంత నాడి వినిపిస్తుందని ఒక డాక్టరు అన్నాడు. వినిపిస్తుంది, నిజమే. నాడి దవడను అదరగొట్టదు. ఇంకెవడైనా వేదిక మీద ఇదే చెబితే, సాక్షి ఒక్కడే, వాడూ కంగారులో ఉన్నాడు అని రెండు మాటల్లో కొట్టేసేవాణ్ణి. నన్ను నేను కొట్టేసుకోలేకపోయాను.

ఆదోని ఆసుపత్రిలో సామేలు కాలు తీసేశారు. చూడడానికి పోతే, నొప్పి సంగతి, పని సంగతి ఎత్తలేదు.

"మీరు సెవి పెట్టినారంట గదా. ఏమన్నా ఇనబడిందా?" అని అడిగాడు.

లేదు అన్నాను.

తర్వాత తహసీల్దారు విచారణ. నేనే వదలమన్నానని ఒప్పుకున్నాను, ఆ మేరకు నా తప్పు రాయించాను. అది సులువైన నిజం. తహసీల్దారు సామేలును అడిగాడు, ఇన్నాళ్లూ కింద మనిషి లేకుండా ఏ ధైర్యంతో దింపావు అని. తిమ్మప్ప కొట్టేది విని అన్నాడు సామేలు. గదిలో నవ్వు పుట్టింది. తహసీల్దారు నా వైపు తిరిగి, మీరూ అక్కడే చెవి పెట్టారు కదా, ఏమైనా విన్నారా అన్నాడు. సామేలు చంకకర్రల మీద ఆనుకుని నన్నే చూస్తున్నాడు.

ఏమీ వినలేదండీ అన్నాను. బల్ల అవతల మా సంఘం వాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు.

మతి స్థిమితం లేని మనిషి అని రాశారు. ప్రమాదం తాలూకు నింద అతని మీదికి పోయింది. లైను మీద పని పోయింది. మతి లేనివాణ్ణి కంచెకు కాపలా కూడా ఎవరూ పెట్టుకోలేదు. పాస్టరు మనసు మార్చుకోలేదు. భార్యా ఇద్దరు కూతుళ్లూ వేరుశనగ కోతలకు ఊరూరా పోయేవారు. కట్టెల లైనుకు మాత్రం జనం పెరిగారు. గుద్దుకున్న చోట ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. నా కరపత్రాల వల్ల ఆ చోటికి వచ్చిన పేరు అది.

రెండేళ్లకు నేను తుగ్గలి పక్క ఆ పల్లెకు పోయాను. సామేలు ఇంటి ముందర అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను విన్నది విన్నట్టు, దెబ్బలు, దవడ, తెగిన పట్టాలు, అన్నీ చెప్పాను. అతను తాడు ఆపలేదు.

"అయితే తిమ్మప్ప ఆడ ఉన్నట్టేనా అయ్యవారూ?" అని అడిగాడు.

లేడని చెప్పలేకపోయాను. ఉన్నాడని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. నాకు తెలీదు సామేలూ అన్నాను.

అతను పేనిన తాడును కాలి మొండికి చుట్టి బిగువు చూసుకున్నాడు.

"ఆ మాటే ఆ పొద్దు తహసీల్దారు కాడ అనింటే సాలు గదా" అన్నాడు.

భార్య లోపలినుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, బస్సు ఎక్కి వచ్చేశాను. తర్వాత నేను మళ్లీ ఆ ఊరు పోలేదు. ఆ దెబ్బలు ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో నాకు ఈనాటికీ తెలీదు.