నడిచేవాళ్ళకి తగిన దీవి

ఓడెక్కి దీవులు చూడాలన్న కోరిక మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమెది ఇచ్ఛాపురం. బట్టల కొట్టు కోడలి చేతిలో పెట్టినప్పటినుంచి ఆమె కాలు ఇంట్లో నిలవడం లేదు. పొద్దున్నే బాహుదా నది ఒడ్డున నడక, చలికాలంలో మాతో కలిసి తేలినీలాపురం వలస పక్షుల దగ్గరికి, వీలైన ఏడాది మహేంద్రగిరి ఎక్కడం. నేను టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఆయన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటారు. కాపురం మాత్రం కాశీబుగ్గలో. మేం ముగ్గురం కలిస్తే కూర్చుని మాట్లాడుకోవడం తక్కువ, నడుస్తూ మాట్లాడుకోవడం ఎక్కువ.

ఆ రోజు కూడా తోటలోనే నడుస్తున్నాం. అప్ప ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది. గాజులాంటి నీళ్ళు, అందులో ముఖం పెట్టి తేలుతున్న మనుషులు, వాళ్ళ కింద రంగురంగుల చేపలు. వెనకాల తెల్లటి ఓడ నిలబడి ఉంది.

"ఇది సూడే. నాకిలాగ నీళ్ళల్లో మొహం ఎట్టి సేపల్ని సూడాలనుంది."

"నీకు ఈత రాదు కదప్పా."

"నీకొచ్చేటి?"

నాకూ రాదు. సముద్రానికి ఇంత దగ్గర పుట్టి పెరిగి, మోకాళ్ళ లోతు దాటి ఎన్నడూ లోపలికి వెళ్ళలేదు. మా ఆయన మాత్రం నూతిలో ఈదగలరు. ఆయన ఫోన్ తీసుకుని, కళ్ళకి దూరంగా పెట్టుకుని చూశారు.

"ఈ కొబ్బరిసెట్లు, ఈ ఇసక... మన తోటనే ఫోటో తీసి ఎట్టీసినట్టున్నాడు. దీనికోసం ఓడెక్కాలేటి వదినా?"

"ఓడెక్కడానికే ఓడెక్కాల మరిదిగోరూ," అంది అప్ప.

మా ఆయన ఫోన్ తిరిగి ఇచ్చేశారు. పిల్లలకి పగడపు దిబ్బల గురించి ఇన్నేళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాను. ఒక్కసారి చూడాలని నాకూ లోపల ఉంది.

కాశీబుగ్గలో కాశీ, పూరీ బస్సులు వేసే ట్రావెల్స్ ఆయన దగ్గరికి వెళ్ళాం. దీవుల టూర్లు కూడా చూస్తానని ఈమధ్యనే బోర్డు పెట్టాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, కంప్యూటర్ మా వైపు తిప్పాడు.

"హనీమూన్ ప్యాకేజా మేడమ్, సీనియర్ సిటిజన్ ప్యాకేజా?"

"రెండూ కాదు బాబూ. నడిసేవోళ్ళకి ఏటుంది?" అంది అప్ప.

ఆయన కాసేపు వెతికాడు. మూడు దారులు చూపించాడు. మొదటిది సింగపూర్ నుంచి పెద్ద ఓడ. అందులో ఈతకొలను, డాన్సులు, సినిమా హాలు. దీవుల మీద మాత్రం కాసేపే ఆగుతుంది. రెండోది అండమాన్. విశాఖపట్నం నుంచి ఓడ ఉంటుంది గానీ అది విహారానికి కాదు, ప్రయాణికుల ఓడ. దిగాక అడవిలో నడకలు, మడ అడవుల మధ్య పడవలు. మూడోది లక్షదీవులు. కొచ్చిలో ఎక్కితే రాత్రుళ్ళు ఓడలో పడుకోవడం, పగలు ఒక్కో దీవి చూడటం.

ఒక్కో టూరు పక్కన ఈజీ, మోడరేట్, యాక్టివ్ అని రాసి ఉంది.

"మీరు ఏ కేటగిరీలోకి వస్తారు సార్?"

మా ఆయన చేతులు కట్టుకున్నారు. "కొబ్బరిసెట్టెక్కడం ఏ లెక్కలోకి ఒస్తాది?"

ట్రావెల్స్ ఆయన కంప్యూటర్‌లోకి మళ్ళీ చూశాడు. "అదిందులో నేదండీ."

ఇంకో చోట 'సీ డే' అని ఉంది. మా ఆయన అది చదివి, ఆ రోజంతా సముద్రంలో ఈదిస్తారనుకున్నారు. ఆ రోజు ఎక్కడా దిగకుండా ఓడ నడుస్తూనే ఉంటుందని తెలిశాక మొహం వాడిపోయింది. "మరి మనమేటి సేత్తాం? అలాగ కూకోవడమేనా?" అన్నారు. అప్పకి అదే బాగా నచ్చింది. ఆ రోజులు ఇంకో రెండు కలుపుతారా అని అడిగింది.

ఇంటికొచ్చాక గందరగోళం మొదలైంది. మా ఆయనకి కొండలు, అడవి కావాలి, అంటే అండమాన్. అక్కడికి విమానంలో వెళ్దామన్నారు. "ఇమానంలో ఎల్తే ఇంక ఓడేటుంది?" అని అప్ప ఒప్పుకోలేదు. నాకు పగడాలు కావాలి. అవి అండమాన్‌లోనూ ఉన్నాయి, లక్షదీవుల్లోనూ ఉన్నాయి. ఎక్కడ బాగుంటాయో చదివినకొద్దీ నాకు తెలిసింది తగ్గిపోయింది. నెలల సంగతి ఇంకో చిక్కు. వేసవి సెలవులకి వెళ్దామంటే జీడి ఏరే కాలం, మా ఆయన తోట వదలరు. దసరా సెలవులంటే మా తీరంలో ఎవరూ ఆ రోజుల్లో బంగాళాఖాతం పేరెత్తరు. తుపాన్లకి పడిపోయిన కొబ్బరిచెట్ల మోడులు మా తోటలో ఇంకా ఉన్నాయి. ఆలోచించగా ఆలోచించగా జనవరి సెలవులు మిగిలాయి.

రోజుకో నిర్ణయం చేశాం. పొద్దున అండమాన్, మధ్యాహ్నం అప్ప ఫోన్ చేశాక లక్షదీవులు, రాత్రి అన్నాల దగ్గర అసలెక్కడికీ వద్దు. ఒకరోజు మా ఆయన సింగపూర్ ఓడ మంచిదన్నారు. ఎందుకో ఆయనకే తెలియదు.

ఇంతలో ట్రావెల్స్ ఆయన ఫోన్ చేసి ఇంకో సంగతి చెప్పాడు. లక్షదీవుల దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకి రాదట. దూరాన ఆగితే, ఊగుతున్న ఓడలోంచి ఊగుతున్న చిన్న పడవలోకి దిగాలట. మోకాళ్ళు, ధైర్యం రెండూ బాగుండాలన్నాడు.

"అలాగైతే ముందు ఇక్కడ దిగి సూద్దాం," అంది అప్ప.

వజ్రపుకొత్తూరు దాటాక ఒక మత్స్యకారుల ఊరుంది. అక్కడ మా ఆయనకి తెలిసినాయన ఒకరున్నారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. మేం వచ్చిన పని చెబితే ఆయన పగలబడి నవ్వాడు.

"అండమానా? మా తమ్ముడు ఆడే ఉంటాడు బావా. నాను కూడా కొన్నాళ్ళు సేసి ఒచ్చాను."

"ఎలాగుంటాది?" అని మా ఆయన ఆశగా అడిగారు.

"పని ఉంటాది. కూలి బాగుంటాది."

"అది కాదు బావా. సూడ్డానికి."

ఆయన వలలోంచి నాచు ఏరుతూ ఆలోచించాడు. "సూడ్డానికా... కొండలుంటాయి. కొబ్బరిసెట్లుంటాయి. మరేటుంటాది? నాను సూడ్డానికి ఎల్లనేదు గదా."

మాకు అంతకుముందున్న స్పష్టత కూడా పోయింది.

ఎండ ముదరకముందే ఆయన తన ఫైబర్ పడవలో మమ్మల్ని తీసుకెళ్ళాడు. ఒడ్డు దగ్గర అలలు దాటేటప్పుడు పడవ ముందుభాగం ఆకాశంలోకి లేచి దబ్బున పడింది. నేను కూర్చున్న చెక్క పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి నీళ్ళు నెమ్మదించాయి, మా ఊళ్ళన్నీ ఒక పచ్చటి గీతలా కనిపించాయి. ఎన్ని కొండలెక్కినా మా తీరాన్ని అటువైపునుంచి ఎప్పుడూ చూడలేదు. ఏ ఊరు ఏదో నాకు తెలియలేదు.

మా ఆయన పరిస్థితి వేరు. పడవ ఆగిన కాసేపటికే మొహం పాలిపోయింది. పడవ అంచు మీదికి వంగి, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి ఇచ్చేశారు. "బావా, దూరం సూడు. కింద సూడకు," అంటున్నాడు ఆయన స్నేహితుడు. మా ఆయనకి ఎటు చూసినా ఒకటే అయింది.

అప్ప అటు చూడనేలేదు. లైఫ్ జాకెట్ బిగించుకుంది. టౌన్‌లో కొన్న ఈత కళ్ళజోడు పెట్టుకుని, నడుముకి తాడు కట్టించుకుంది. "ఓలమ్మా, సల్లగుందే!" అని అరుస్తూ నీళ్ళల్లోకి దిగిపోయింది. తాడు పడవాయన చేతిలో ఉంది. అప్ప ముఖం నీళ్ళల్లో పెట్టింది. ఎత్తింది. మళ్ళీ పెట్టింది. చాలాసేపు అలాగే చేసింది. నేను పైనుంచి ఆమె తెల్లజుట్టు ముడినే చూస్తూ కూర్చున్నాను.

పైకి లాగాక అడిగాను. "ఏటి కనిపించిందప్పా?"

"ఏటీ కనిపించనేదు. అంతా మడ్డినీళ్ళు," అంది ముక్కులోంచి ఉప్పునీళ్ళు కారుతుంటే. "ఎంత బాగుందో తెల్సా!"

నన్నూ దిగమన్నారు. నేను దిగలేదు. ఎందుకు దిగలేదంటే భయం అని చెప్పడం తేలిక. కానీ భయం ఒక్కటే కాదు. ఏమీ కనిపించకుండానే అంత సంతోషం ఎలా వస్తుందో అర్థం కాక, అప్పనే చూస్తూ ఉండిపోయాను.

ఒడ్డుకి రాగానే మా ఆయన ఇసకలో వెల్లకిలా పడుకుని, ఈ జన్మలో ఓడెక్కనని చెప్పారు. వాళ్ళింట్లో పెట్టిన చేపల పులుసు, అన్నం తిన్నాక లేచి కూర్చున్నారు. "వదినా, ఆ లచ్చదీవుల్లో నడవడానికి పెద్ద దీవేదైనా ఉందేటి?" అని అడిగారు.

ఉంది. అన్నిటికంటే దక్షిణాన ఉన్న దీవి. మిగతావాటికంటే పొడుగైనది, లైట్‌హౌస్ ఉంది, కొబ్బరితోటల మధ్య చాలాసేపు నడవొచ్చు. మూడు దీవుల టూరులో అది చివరిది. దాన్ని చూసే ముగ్గురం ఒక మాట మీదికి వచ్చాం. అప్పకి ఓడ, నాకు పగడాలు, ఆయనకి ఆ దీవి. ఆ దీవులకి వెళ్ళడానికి కావాల్సిన అనుమతి కాగితాలు వచ్చాయి, జనవరిలో రెండు రైళ్ళు మారి కొచ్చి చేరాం.

ఓడలో మొదటి రాత్రి మా ఆయన మాత్ర వేసుకుని పడుకున్నారు. పొద్దునకి మామూలుగానే లేచారు. నాకు తల తిరిగింది. ఎవరికి పడదనుకున్నామో వాళ్ళకి పడింది, ఎవరి గురించి ఆలోచించలేదో వాళ్ళు మంచం పట్టారు.

మొదటి దీవిలో దిగగానే మా ఆయన బూట్లు బిగించుకుని నడవడానికి బయల్దేరారు. నేనూ అప్పా నీడలో కూర్చుని కొబ్బరిబొండాలు సగం తాగామో లేదో, ఆయన అవతలి వైపునుంచి తిరిగి వచ్చేశారు.

"ఏటైంది?"

"అయిపోనాది."

"ఏటి అయిపోనాది?"

"దీవి." ఆయన మొహంలో నిజంగానే అయోమయం. "ఇలాగ ఎల్తే సముద్రం. అలాగ ఎల్తే సముద్రం. ఇంకెటు ఎల్లాల?"

ఆ తర్వాత ఆయన చెట్ల కింద ఒక రైతుని పట్టుకున్నారు. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి మలయాళం రాదు. ఇద్దరూ కొబ్బరి ఆకు కింద పట్టిన తెల్లదోమ తెగులుని చూపించుకుంటూ, తలలు అడ్డంగా ఊపుకుంటూ చాలాసేపు గడిపారు.

రెండో దీవిలో నేను నీళ్ళలోకి దిగాను. గైడు నా భుజాలు పట్టుకుని బోర్లా తేల్చాడు. ముఖం పెట్టగానే కింద అంతా ఒక్కసారి దగ్గరికొచ్చేసింది. పసుపు చారల చేపలు, నీలం చేపలు, రాయో ప్రాణమో తెలియనివి. బోర్డు మీద నేను గీసే బొమ్మలో పగడానికి ఒక రూపం ఉంటుంది. ఇక్కడ ఏది పగడమో, ఏది దాని మీద బతికేదో, ఏది ఊరికే రాయో విడదీయలేకపోయాను. చాలాచోట్ల తెల్లగా, ఎముకల్లా ఉంది. అది చచ్చిపోయిన, లేదా చస్తున్న పగడమని చదువుకున్నాను. కానీ ఆ తెలుపు చుట్టూనే చేపలు ఆడుకుంటున్నాయి. సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ముఖం నీళ్ళలో ఉందన్నది మర్చిపోయి ఉప్పునీళ్ళు మింగాను.

మూడో దీవి రోజు పొద్దున మైకులో ఏదో చెప్పారు. నాకు సగమే అర్థమైంది. తర్వాత ఓడ సిబ్బందిలో ఒకాయన వచ్చి వివరంగా చెప్పాడు. అలలు ఎత్తుగా ఉన్నాయి, చిన్న పడవలు ఓడ పక్కన నిలవడం లేదు, కాబట్టి ఎవర్నీ దించరు. మధ్యాహ్నం వరకు చూసి తిరిగి బయల్దేరతారు.

మా ఆయన అప్పటికే బూట్లు వేసుకుని ఉన్నారు. ముగ్గురం డెక్ మీదికి వెళ్ళాం. దీవి బారుగా, పచ్చగా కనిపిస్తోంది, ఒక చివర తెల్లటి లైట్‌హౌస్. మిగతావాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. ఇన్ని నెలలు కొట్టుకుని ఈ టూరు ఎంచుకున్నది ఆ ముక్క నేల కోసమే. మా ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. ఆయన కోప్పడలేదు. కమ్మీ పట్టుకుని దీవిని ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చూపుతోనే నడిచినట్టు చూశారు.

"అండమాన్ ఎల్లుంటే బాగుండేదేమో," అన్నాను.

"ఆడ మాత్రం అలలుండవేటి?" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఉండవేమో కూడా. నాకు తెల్దు," అని లోపలికి వెళ్ళిపోయారు.

అప్ప వెళ్ళలేదు. గాలికి చీర కొంగు నడుముకి చుట్టుకుని కమ్మీ దగ్గరే నిలబడింది. మరిదిగారి సరదా తీరలేదని ఆమెకి బాధగా ఉందని తెలుస్తోంది. అదే సమయంలో ఇంకో రోజంతా ఓడ మీదే గడపొచ్చని లోపల సంతోషం దాచుకోలేకపోతోందనీ తెలుస్తోంది.

"నవ్వాలో ఏడవాలో తెలవట్లేదే," అంది.

మధ్యాహ్నానికి ఓడ నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. లైట్‌హౌస్ ఎడమ వైపునుంచి కుడి వైపుకి జరిగింది. కదులుతున్నది దీవా, మేమా అని ఒక్క క్షణం తికమకపడ్డాను. కింద భోజనాల గంట కొట్టారు. నేనూ అప్పా ఇంకాసేపు అక్కడే ఉన్నాం.