మూడో గుంజ వంగిన రేవు

నలభై ఏళ్లు బట్టలు కుట్టిన టైలర్, ఇప్పుడు వెనకగదిలో బల్ల మీద బొమ్మరైలుకి సన్నపట్టాలు వేసి, వాటి చివర పుల్లలతో ఒక రేవు కడుతున్నాడు. చూడ్డానికొచ్చిన అక్క ముఖం పాలిపోయింది.

“ఒరే, మూడో గుంజ వంగిందనీ, దానికి తాడు కట్టారనీ నీకెవరు చెప్పార్రా? అన్నయ్య మునిగిపోయిన రేవు ఇదే. నువ్వు పుట్టకముందే పడగొట్టేశారు.”

“ఎవరూ చెప్పలేదక్కా. చెయ్యి దానంతటదే అలా పోయింది.”

“మెట్ల మీంచే జారాడు. నయం, నువ్వు మెట్లు పెట్టలేదు.”

టైలర్ పొద్దున చెక్కిన మెట్లు జేబులోంచి తీసి చూపించాడు. అక్క వాటిని చాలాసేపు అరచేతిలో పట్టుకుంది.

“అతికించు,” అంది చివరికి. “పక్కన పట్టుకోడానికి కమ్మీ కూడా పెట్టు.”

సన్నటి తీగతో కమ్మీ బిగించాకే, అతను కింద నీళ్లలా కనిపించే జిగురు పోశాడు.