గొట్టం మూతి దగ్గర

మొన్న బూటు లేసు కొస విడిపోతే అగ్గిపుల్ల గీసి కాల్చాను. కాలిన నైలాన్ వాసన రాగానే బెంగళూరు కాటన్‌పేటలో తాళ్లు, దారాలు అమ్మే ఓబుళప్ప గుర్తొచ్చాడు. ఆయన మీద ఒక నింద ఉండిపోయింది. నిజానికి అది నా మీద పడాల్సింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేనూ ప్రవీణూ కుందలహళ్ళిలో ఒకే గదిలో ఉండేవాళ్లం. అతనిది విశాఖ. నీటి అడుగున చేపల్ని కొట్టే ఈటె తుపాకీ ఒకటి సంపాదించాడు. ఈటె వదిలాక పోకుండా దాన్ని తుపాకీకి కట్టి ఉంచే దారం కోసం ఓబుళప్ప దగ్గరకు వెళ్లాం.

"బెంగళూర్లో సముద్రం యాడుండాదప్పా?" అని నవ్వాడు. మేము లావుపాటి అల్లిక దారం పట్టుకుంటే లాగేసుకున్నాడు. "లావుది ఈటెను ఎనక్కి లాగుతాది. అల్లింది చిక్కు పడతాది. ఇది చూడు." ఒంటిపోగు నైలాన్ దారాన్ని నోటి దగ్గరకు తీసుకుని, పెదవుల మధ్య నుంచి బారెడు మేర మెల్లగా లాగాడు. గోటికి అందని గాటు పెదవికి తెలుస్తుందట. తర్వాత కొస కాల్చి ఉండ చేశాడు. దారాన్ని ఈటె రంధ్రంలోంచి మడిచి చిన్న రాగి గొట్టంలో దూర్చి చూపించాడు. "గొట్టాన్ని నడుమనే నొక్కాల. మూతి కాడ నొక్కితే దారం తెగుతాది. రేపు రాండి, మిషన్లో నేనే నొక్కిస్తా."

మాకు రేపటిదాకా ఓపిక లేదు. ఇంట్లో కటింగ్ ప్లేయర్‌తో నేనే నొక్కాను. నడుమ నొక్కాక నమ్మకం చాలక, మూతి దగ్గర కూడా బలమంతా పెట్టి నొక్కాను.

మర్నాడు అత్తిబెలె దాటాక, నీళ్లు నిండిన ఒక పాత రాతి క్వారీకి వెళ్లాం. మోకాలి లోతు నీళ్లలో గురి కోసం వేసిన థర్మాకోల్ పలక తేలుతోంది. దాని తాడు పట్టుకుని ప్రవీణ్ ఆవల నిలబడ్డాడు.

"పక్కకు జరుగు," అన్నాను.

"దారం నాలుగు మీటర్లేరా. నాదాకా ఎలా వస్తుంది? కొట్టు."

కొట్టాను. చేతిలో రావలసిన గుంజు రాలేదు. దారం ఖాళీగా నీళ్ల మీద పడింది. ప్రవీణ్ నీళ్లలో కూర్చుండిపోయాడు. ఈటె పలకను చీల్చుకుని అతని ఎడమ పిక్కలో దిగింది. చుట్టూ నీళ్లు ఎర్రబడుతుంటే నేను అతని వైపు కాక, తెగిన దారం కొస వైపు చూశాను.

నాలుగో రోజు ప్రవీణ్ వాళ్ల అన్న, ఈటెకు మిగిలిన గొట్టం ముక్క పట్టుకుని నన్ను కాటన్‌పేట తీసుకెళ్లాడు.

"ఈ కొట్లో కొన్నదేనా?"

"అవును," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది.

ఓబుళప్ప ఆ ముక్కను పెదవికి ఆనించాడు. గొట్టం మూతిని వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చాలాసేపు. నేను గోడకున్న తాళ్ల చుట్టలు చూస్తూ నిలబడ్డాను.

"మా తమ్ముడు నడవలేకపోతున్నాడు. నోరు లేవదేం?" అని ప్రవీణ్ అన్న వీధంతా వినేలా అరిచాడు. మోసం సరుకన్నాడు. పక్క కొట్లవాళ్లు బయటికొచ్చి చూశారు. ఓబుళప్ప ఆ ముక్కను గల్లాపెట్టెలో వేసుకున్నాడు తప్ప మాట్లాడలేదు. ఆ మౌనాన్ని అందరూ ఒప్పుకోలు అనుకున్నారు.

ఆరు నెలలకు ఒక్కణ్ణే వెళ్లాను. ఒంటిపోగు దారం చుట్టలు కొట్లో కనిపించలేదు.

"నేనే మూతి దగ్గర నొక్కాను," అన్నాను.

"తెలుసప్పా. మూతి మింద ప్లేయర్ పండ్ల గుర్తులు పడిండాయి కదా."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే, యాపారస్తుడు తప్పించుకుంటా ఉండాడంటారు. నువ్వు నోరు తెరుస్తావని చూస్తిని." గల్లాపెట్టెలోంచి ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "నీ కాడే ఉండనీ."

ఓబుళప్ప పోయి చాలా ఏళ్లయింది. ప్రవీణ్ ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు ఎడమ కాలు ఈడుస్తాడు. నలుగురిలో ఎవరైనా అడిగితే "కాటన్‌పేట సరుకు" అని నవ్వుతాడు. ఇన్నేళ్లూ నేనూ నవ్వాను. ఏ తాడు కొన్నా పెదవికి ఆనించి చూస్తాను. ఏ బోల్టు బిగించినా చివరి తిప్పు దగ్గర చెయ్యి ఆపేస్తాను. ఆయన నేర్పినవాటిలో ఆ రెండే వచ్చాయి. మూడోది, నోరు తెరవడం, రాలేదు.

లేసు కాల్చిన సాయంత్రమే ప్రవీణ్ ఇంటికి వెళ్లి, ఆ రాగి ముక్క అతని అరచేతిలో పెట్టాను. ఇదేమిటని అతను అడగకముందే నోరు తెరిచాను.