మెక్‌గోవన్ అంటే కమ్మరి కొడుకు

అరబ్బు దేశంలో, హాయిల్ దగ్గర గోధుమ పొలాల షెడ్డులో నాగలి కర్రులు సరిచేయడం నా పని. ఆ వారం మాత్రం పని మీద మనసు నిలవలేదు. ఊళ్లో ఉన్న నా బిడ్డ ఫోన్ చేసి, "నాయినా, కాలేజీల నన్ను ఇంటిపేరుతోనే ఎక్కిరిస్తున్నరు. సర్టిఫికెట్ల కమ్మరి తీసేపిస్త, సంతకం పెట్టి పంపు" అన్నది. బిడ్డ పంపిన ఒప్పుకోలు కాగితం మూడు రోజులుగా నా జేబులోనే నలుగుతోంది.

కొత్త మిషన్లు బిగించడానికి ఐర్లాండు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పేరు మెక్‌గోవన్. పనికి ముందు నేను ఇనుమేమీ పెట్టకుండా ఉత్త దాగలి దిమ్మ మీద సుత్తితో ఒక దెబ్బ వేసి మొక్కితే, ఎందుకని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను: "తాతల నాటి మొక్కు సార్. మా ఇంటిపేరే కమ్మరి."

ఆయన పకపకా నవ్వాడు. "అయితే మనం చుట్టాలం! మెక్ అంటే కొడుకు, గోవన్ అంటే కమ్మరి. ఇంగ్లీషువాళ్ల పాలనలో మా పేర్లకు పని దొరక్క, మా ముత్తాత దాన్ని ఇంగ్లీషులో స్మిత్ అని మార్చుకున్నాడు. మా నాన్న మళ్లీ పాత పేరు రాయించాడు."

తెల్లవాళ్ల మీద తెల్లవాళ్ల పెత్తనమా అని ఆశ్చర్యపోయాను. "మార్చినంక బాధ తప్పిందా సార్?" అని ఆత్రంగా అడిగాను.

"ఉద్యోగం దొరికింది. ఊళ్లో మాత్రం కమ్మరివాళ్లు అనే పిలిచారు."

సాయంత్రం ఫోన్లో బిడ్డకు ఇదంతా చెప్పాను.

"అయితే వాళ్ల ముత్తాత తప్పు చేసిండా నాయినా?"

"లేదు బిడ్డా. ఆయన కష్టం ఆయనకే ఎరుక."

కాగితం తీసి సంతకం పెట్టాను. నా పేరు మాత్రం కమ్మరితో సహా పూర్తిగా రాశాను.