ఎడమ పక్క

చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకు రాళ్లు అతికించే రూతు పద్నాలుగేళ్లుగా బందరు మహిళల కబడ్డీ జట్టులో కూతకు వెళ్లే మనిషి. ఈ ఏడు లీగులో జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకోవాలి. తొలి వంతు బందరుదే. జాబితాలో దివిసీమ పిల్ల రేవతి ఉంది. పద్దెనిమిదేళ్లది. మొన్న అవనిగడ్డలో ఆ పిల్ల ఆట చూసొచ్చింది రూతు ఒక్కతే. అక్కడ జనం వేసిన ఈలలు ఆమె చెవుల్లో ఇంకా గింగురుమంటున్నాయి.

“మొదటే తీసేసుకుందామా అమ్మా?” అని కోచ్ పోతయ్య మాస్టారు అడిగారు.

“తొందరెందుకండీ? దానికి ఎడమ పక్క తప్ప ఆడటం రాదు. మూడో వంతుకైనా మిగిలే ఉంటుంది,” అంది రూతు. కడుపుమంట కొద్దీ అప్పటికప్పుడు అల్లిన మాట అది.

మాస్టారు నమ్మి ఇంకొకరిని తీసుకున్నారు. ఆ వెంటనే గుడివాడ వాళ్లు రేవతిని ఎగరేసుకుపోయారు.

తొలి మ్యాచ్ గుడివాడతోనే పడింది. రేవతి కూతకు రాగానే “దాని ఎడమ పక్క కాయండి!” అని మాస్టారు అరిచారు. జట్టంతా అటే ఒరిగింది. ఆ పిల్ల కుడివైపు ముగ్గురిని తాకి, నవ్వుతూ గీత దాటేసింది.

మాస్టారు రూతు కోసం చూశారు. ఆమె ఆ ఎడమ మూలనే బోర్లా పడి ఉంది. తను అల్లి, చెప్పీ చెప్పీ తనే నమ్మేసిన అబద్ధం మీదికి అందరికంటే ముందు దూకింది తనే.