గజ్జెలు విసరడం

అడుగులు నాకు మూడు వారాల్లోనే వచ్చేశాయి. తాళం తప్పలేదు, ముద్ర చెడలేదు. అబిడ్స్‌లో ఆఫీసు వదలగానే నాంపల్లిలో రిహార్సల్‌కి నడుస్తూ దారంతా జతులు గొణుక్కునేదాన్ని. చాయ్ దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు నవ్వినా లెక్కచేయలేదు. నలభై మూడేళ్ళకు మొదటిసారి నృత్యనాటకంలో ప్రధాన పాత్ర దొరికింది మరి. రాజు అవమానిస్తే, నిండు కొలువులో గజ్జెలు విప్పి ఆయన ముందు నేలకేసి కొట్టే నర్తకి పాత్ర.

ఆ కొట్టడం దగ్గరే వచ్చింది తంటా.

గజ్జెలంటే చిన్నప్పటి నుంచీ కళ్ళకద్దుకుని కట్టుకోవడం, కళ్ళకద్దుకుని విప్పుకోవడం. విప్పి పెట్టినవాటిని పొరపాటున దాటినా చెంపలేసుకునేవాళ్ళం. వాటిని విసిరికొట్టమంటే చెయ్యి లేస్తుందా? ఎంత కోపం తెచ్చుకున్నా, చివరికి వచ్చేసరికి వంగి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేసేదాన్ని.

నాకంటే పదేళ్ళు చిన్నవాడైన మాస్టరు తల పట్టుకున్నాడు. "ఏంది మేడం గిది? కోపమొచ్చినామె గంత మెల్లగ పెడ్తదా? కొలువుల పూజ చేస్తున్నరా?"

నాతో ఆడే కాలేజీ పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ తప్పు నాదే.

"రేపొక్కరోజు చూస్తా. రాకపోతే పాత్ర మార్చుడే. ఫికర్ చేయకున్రి, వెనక వరుసల ఉంటరు" అన్నాడు.

వెనక వరుస! ఇరవై ఏళ్ళుగా నేనున్నది అక్కడే కదా.

మర్నాడు నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ చెయ్యి కిందికి దిగేసరికి మెత్తబడిపోయింది. మాస్టరు ఇక తిట్టడం మానేశాడు. నాకు దానికే ఎక్కువ భయం వేసింది. నాతోపాటే అన్ని అడుగులూ నేర్చుకున్న కాలేజీ పిల్లను పిలిచాడు. ఆ పిల్ల ఆ రోజు గజ్జెలు తెచ్చుకోలేదు.

"మేడంవి తీస్కో. జర చేసి చూపించు."

"సారీ ఆంటీ" అంటూనే ఆ పిల్ల నేను కింద పెట్టిన గజ్జెలు తీసి చెయ్యి పైకెత్తింది.

"వదులు! నావి నువ్వు ముట్టుకోకు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. చేతిలోంచి లాక్కుని, కోపం ఎవరి మీదో కూడా చూసుకోకుండా నేలకేసి కొట్టాను. తాడు తెగి మువ్వలు హాలంతా దొర్లాయి.

అమ్మో, ఎంత పని చేశాను! ఏడుపొచ్చేసింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ ఏడుపులోనే ఎక్కడో హాయిగా కూడా ఉంది.

"ఔ మేడం, గదే. పాత్ర మీదే" అన్నాడు మాస్టరు మెల్లగా.

పిల్లలు మువ్వలు ఏరుతున్నారు. ఆయన తన సంచిలోంచి సొంత గజ్జెలు తీసి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టాడు.

"మళ్ళోసారి చేయున్రి. మొదటి నుంచి."